మెర్సీగారు అడిగే రెండో ప్రశ్న

రాజోలు దారిలో ఓ చిన్న ఆసుపత్రి. అందులో రికార్డుల గది మెర్సీగారిది. డాక్టరు రాసిన జబ్బుకి లావుపాటి పుస్తకంలో నంబరు వెతికి వెయ్యడం ఆవిడ పని. దెబ్బల కేసైతే రెండు నంబర్లు వెయ్యాలి. ఏం విరిగిందో ఒకటి, ఎలా విరిగిందో ఇంకోటి. ఆ రెండోది ఎవడిక్కావాలండీ! డాక్టర్లు "ప్రమాదవశాత్తు" అని గీకి పారేసేవారు.

ఆవిడ ఊరుకుంటేనా? రోగి ఇంటికెళ్ళిపోయేక నిజం ఎవరు చెబుతారని, చేరిన రోజే కాగితం పట్టుకుని మంచం పక్కన కూర్చునేవారు. "మెర్సీగారు పంచనామాకి బయల్దేరేరు" అని నర్సులు ఒకటే నవ్వు. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అన్నారా!

రెండువేల మూడు, ముసురు రోజులు. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే త్రిమూర్తుల్ని మధ్యాహ్నం తీసుకొచ్చేరు. సైకిలు మీంచి పడ్డాడని భార్య సూరమ్మ చెప్పింది. డాక్టరు ఎబినేజర్‌గారు విరిగిన చేతికి కట్టు కట్టి, సాయంత్రం ఇంటికెళ్ళొచ్చన్నారు.

మెర్సీగారు వచ్చి కూర్చున్నారు.

"బండేదన్నా గుద్దిందా బాబాయ్?"

"లేదండి. గోతిలో పడ్డానండి."

"ఎక్కడ?"

"మా వీధి చివరండి."

"సైకిలుకేమైంది?"

త్రిమూర్తులు సూరమ్మ కేసి చూసేడు. సూరమ్మ గోడ కేసి చూసింది.

మెర్సీగారు అతని చొక్కా పక్కకి తీసేరు. రొమ్ము నుంచి బొడ్డుదాకా కొబ్బరి కోరాంతో కోరినట్టు చర్మం లేచిపోయి ఉంది. మానుని వాటేసుకుని జారినవాడికే అలా గీరుకుంటుంది. మనిషి చెమటలు కక్కుతూ ఎడమ డొక్క పట్టుకున్నాడు.

"ఎంతెత్తు మీంచి బాబాయ్?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగేయి. "ఆయ్... చెట్టు మీంచేనండి. సగానికి పైనుంచండి. ఎవరికీ చెప్పకండమ్మా. పడ్డ మనిషని తెలిస్తే మళ్ళీ ఏ రైతూ చెట్టెక్కనివ్వడు. అదో అరిష్టం మావోళ్ళకి."

"డాక్టరుగారికి తప్ప ఎవరికీ చెప్పను" అని, ఆవిడ పరుగందుకున్నారు. ఎబినేజర్‌గారు వచ్చి పొట్ట నొక్కి చూసేరు. అప్పటికప్పుడు అమలాపురం పంపించేరు. లోపల రక్తం కారిపోతోందట. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాడని అక్కడి సర్జను గారన్నారు.

పదిహేను రోజులకి సూరమ్మ వచ్చి మెర్సీగారి చేతులు పట్టుకుని బావురుమంది. "సైకిలని చెప్పింది నేనేనమ్మా. నా నోటితో నేనే చంపుకునేదాన్ని!"

మెర్సీగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేరు.

"మా నాన్నదీ దింపు పనే పిన్నీ. చెట్టు మీంచి పడితే, గట్టు మీద జారేడని మా అమ్మ చెప్పింది. ఆ ఆసుపత్రిలో మళ్ళీ అడిగినవాళ్ళు లేరు. తెల్లారేసరికి పోయేడు."