‘ద’ కాస్తా ‘డ’ అయింది

మా పిన్ని పురపాలక కార్యాలయంలో టైపిస్టు. ఇరవై రెండేళ్లుగా ఊరి ప్రకటనలన్నీ ఆమె వేళ్ల మీదుగానే బయటికొచ్చాయి. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో బల్ల మీద ఏదో కొడుతూనే ఉంటుంది. బాబాయిని తిట్టేటప్పుడైతే ఆ వేగం చూసి తీరాలి.

మాంద్యం వచ్చిన ఏడు బాబాయి పనిచేసే కర్మాగారం మూతపడింది. అప్పటినుంచి వంట ఆయనది, మాడువాసన ఇంటిల్లిపాదిదీ. ఇల్లు గడిచేది మాత్రం పిన్ని జీతంతోనే. అందుకే ప్రభుత్వం పొదుపు అనగానే మా గుండెల్లో రాయి పడింది. ముందు వీధి దీపాల్లో ఒకటి విడిచి ఒకటి ఆర్పేశారు. తరవాత నలుగురు టైపిస్టుల్లో ముగ్గురినీ, కొట్టిన కాగితం సరిచూసే గుమాస్తానూ ఇంటికి పంపారు. కీబోర్డులో షిఫ్టు మీట పట్టేస్తోంది, కొత్తది ఇప్పించండని పిన్ని అడిగితే, దానికీ పొదుపేనన్నారు.

ఒకరోజు ఆ మీట నిజంగానే పట్టేసింది. ‘ద’ కొడితే ‘డ’ పడింది. ప్రభుత్వ పొడుపు చర్యల్లో భాగంగా ఆసుపత్రి ఇకపై రోజుకు రెండు గంటలే అని వచ్చింది. ఆఫీసు పెద్దసారు చూడకుండానే సంతకం గీకారు. తెల్లారేసరికి ఊళ్లో గోడలన్నిటి మీదా అదే. ఆసుపత్రి ముందు వరసలో నిలబడ్డవాళ్లు పడి పడి నవ్వారు. పొడుస్తున్నామని ఇన్నాళ్లకు వాళ్లే ఒప్పుకున్నారని ఒక ముసలాయన మెచ్చుకున్నాడట. నాకైతే పిన్ని మీద ఎక్కడలేని గర్వం వచ్చింది. ఆమె మాత్రం భయంతో ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పెద్దసారు ముందు సవరణ కొట్టించారు: పొడుపు అన్నచోట పొదుపు అని చదువుకోవలెను. వెంటనే ఇంకో ఉత్తర్వు కొట్టమన్నారు. మిగిలిన ఒక్క టైపిస్టు పోస్టూ రద్దు. పిన్ని తన ఉద్యోగం ఊడే కాగితాన్ని తానే కొట్టి ఆయన బల్ల మీద పెట్టింది.

ఈసారి తప్పుల్లేవు కదా అని అడిగారాయన.

“ఒకటుందండి,” అంది పిన్ని. “రేపు గోడకెక్కేదాంట్లో తప్పొస్తే, సవరణ కొట్టడానికి ఎవరూ ఉండరు.”

పెద్దసారు కళ్లజోడు పెట్టుకుని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. సంతకానికి ముందు ఆయన చదవడం పిన్ని చూడటం అదే మొదటిసారి. కలానికి మూత పెట్టి, రేపు చూద్దాంలే అన్నారు.

ఏడాది దాటింది. ఆయన ఇంకా చూడలేదు. పిన్ని మాత్రం రోజూ తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటోంది.