ఖో కంటే ముందు నా కేక

ఆ సాయంత్రం క్యాంపస్ గ్రౌండ్‌లో అమ్మాయిలు ఖోఖో ప్రాక్టీస్ చేస్తున్నారు. నేను వాళ్ళ కోచ్‌ని. ఎప్పటిలాగే "లే" అని అరవబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. తలుపు కిర్రుమన్నట్టు ఏదో వచ్చింది. దగ్గరున్న పిల్లలు నవ్వాపుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

గొంతు బొంగురుపోవడం నాకు కొత్త కాదు. ప్రతి టోర్నమెంటుకీ పోయేది, కొన్నాళ్ళకి వచ్చేది. ఈసారి రాలేదు. తార్నాకలో మా వీధి వీధంతా వైద్యులైపోయారు. మిరియాల పాలు తాగమని ఒకరు, కరక్కాయ బుగ్గన పెట్టుకోమని ఒకరు, పటికబెల్లమని మా అత్తమ్మ. అన్నీ మింగాను. నెల దాటాక మా ఆయన విసిగిపోయారు. "సుజాతా, ఇగ దవాఖానకు పోదాం పా. ఒక్క మాట అనెటందుకు ఎన్నిసార్లు దగ్గుతున్నవో సూసుకున్నవా?"

నల్లకుంటలో ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గొంతులో చేదు స్ప్రే కొట్టి, నాలుకని గాజుగుడ్డతో పట్టుకుని బయటికి లాగి, కెమెరా ఉన్న గొట్టం లోపలికి పెట్టి, "ఈ... అనండి" అన్నారు. నాలుక ఆయన చేతిలో ఉంటే 'ఈ' ఎలా అనాలో ఆయనకే తెలియాలి. స్క్రీన్ మీద తెల్లటి మడతలు రెండు కనిపించాయి. వాటి అంచున చెరో చిన్న బుడిపె.

"క్యాన్సరా?" అనడిగాను. నెలగా నాలోనే నలుగుతున్న మాట అది.

"అట్లేం కనిపిస్తలేదమ్మా. వోకల్ నాడ్యూల్స్. పనిచేసే చేతులకు కాయలు కాస్తయ్ కదా, గట్లనే. ముందు వాయిస్ రెస్ట్, తర్వాత వాయిస్ థెరపీ. ఆపరేషన్ ఇప్పుడే వద్దు. కానీ మీరు ఇట్లనే అరిస్తే మళ్ళ మామూలు గొంతు రాదు."

భయం తీరగానే కోపం వచ్చింది. పిల్లలు సరిగ్గా ఆడితే నేనెందుకు అరుస్తాను? ఖోఖోలో తరిమే జట్టు వరుసగా కూర్చుంటుంది. తరుముతున్న అమ్మాయి వెనక నుంచి "ఖో" అన్నాకే కూర్చున్న అమ్మాయి లేవాలి. మావాళ్ళు ఖో రాకముందే లేచేవాళ్ళు. వెంటనే ఫౌల్. "చెవులున్నయా మీకు?" అని గొంతు చించుకునేదాన్ని. ఇదంతా డాక్టరుకి ఏకరువు పెట్టాను. నా గొంతు పోవడానికి కారణం వాళ్ళేనని కూడా అనేశాను. ఆయన మందులు రాస్తూ మధ్యమధ్యలో ఏదో చెప్పారు.

వాయిస్ రెస్ట్ అంటే గట్టిగా మాట్లాడకపోవడమేగా అనుకున్నాను. గుసగుసలతోనే అన్ని పనులూ చక్కబెట్టాను. వంటింట్లో గుసగుస, ఫోన్లో గుసగుస, గ్రౌండ్‌లో పిల్లల చెవుల్లో గుసగుస. రివ్యూకి వెళ్తే బుడిపెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"గుసగుస మాట్లాడుతున్నరా? అది గూడ వద్దన్న కదమ్మా. దాంతోని గొంతు మీద ఇంకా జోర్ పడ్తది" అన్నారు డాక్టరు.

"ఎప్పుడు చెప్పిన్రు?" అని గుసగుసగానే ఎదురు తిరిగాను.

"చెప్పిండ్రు సుజాతా. అప్పుడు నువ్వు పోరగాండ్ల గురించి చెప్తున్నవ్" అన్నారు మా ఆయన.

ఇంటికొచ్చే దారంతా ఆయనతో మాట్లాడలేదు. అలిగి మాట్లాడటం లేదని ఆయనకు తెలిసే వీలు కూడా లేదు. అదొక మంట.

అప్పటినుంచి నిజంగానే నోరు మూసుకున్నాను. ఆట మొదలుపెట్టడానికీ ఆపడానికీ మెడలో విజిల్ మాత్రం మిగిలింది. బెంచీ మీద కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. పోతే పోయింది గొంతు, ఒక్కసారి అరిచేద్దామా అనిపించేది. అలా కూర్చోగా కూర్చోగా ఒక సంగతి కనబడింది. పిల్లలు ముందే లేవడం తగ్గింది. ఒకరోజు ఆట మొత్తంలో ఆ ఫౌల్ ఒక్కటీ పడలేదు. సంతోషించాల్సింది పోయి ఉడికిపోయాను. ఇన్నాళ్ళు అరిచి నేర్పిస్తే రానిది, నేను మాట్లాడకపోతే ఎలా వచ్చింది?

కెప్టెన్ స్వప్నని పిలిచి, ఆ మాటే ఫోన్లో టైప్ చేసి చూపించాను. అడిక్‌మెట్‌లో రూం తీసుకుని చదువుకుంటున్న పిల్ల. చదివి ఫోన్ నా చేతికిచ్చింది.

"మేడం, మీరు 'లే' అంటరు కదా. మాకు ఖో కన్నా ముందు అదే వినబడ్తది. లేవకపోతే తిడ్తరని కాళ్ళు వాటంతట అవే లేస్తయి."

ముందే చెప్పొచ్చు కదా, అని టైప్ చేశాను.

"మీరు ఆగితే కద మేడం, చెప్పేటందుకు."

ఆ పిల్ల వెటకారంగా అన్లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. బుడిపెలు నా గొంతులోవి. వాళ్ళ ఫౌళ్ళు కూడా నా గొంతులోంచి వచ్చినవే. ఇంతకాలం ఎవరో ఒకరి మీదికి తోసేశాను, ఇప్పుడు తోయడానికి ఎవరూ మిగల్లేదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

తర్వాత థెరపీ. స్ట్రాతో నీళ్ళలో బుడగలు ఊదడం, "మ్..." అని రాగం తీయడం. ఇంట్లో అందరికీ నవ్వులాట. థెరపిస్టు చిన్నమ్మాయి, ప్రతిసారీ ఒకటే పాట. "కోపమొస్తే మీ భుజాలు చెవుల దాంక పోతున్నయ్ మేడం. ముందు అవి దించుండ్రి, తర్వాత మాట్లాడుండ్రి." భుజాలు దించేలోపు అనాలనుకున్న మాటల్లో సగం అక్కర్లేకుండా పోయేవి.

ఇప్పుడు ఒక బుడిపె పోయింది, ఇంకొకటి చిన్నదైంది. సాయంత్రానికి గొంతు ఇంకా బొంగురుపోతుంది. దూరంగా ఉన్న పిల్లకి ఏదైనా చెప్పాలంటే అక్కడిదాకా నడిచి వెళ్ళాలి. అది నాకు ఈరోజుకీ చిరాకే. మొన్న మ్యాచ్‌లో స్వప్న తరుముతూ వస్తుంటే, 'లే' నా నాలుక చివరిదాకా వచ్చింది. భుజాలు దించాను. "ఖో" అని స్వప్న గొంతు వినబడింది. కూర్చున్న పిల్ల అప్పుడు లేచింది.

మీకు చెప్పేది ఒక్కటే. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే, మిరియాల పాలు పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి. వెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. డాక్టరు చెప్పేటప్పుడు మీరు నాలా మాట్లాడుతూనే ఉంటే, వినడానికి ఒకరైనా ఉండాలి కదా.