నాలుగో సిలిండర్‌లో గీత

1959 వేసవిలో నేను నందిగామలో ఒక ప్రైవేటు వర్క్‌షాపులో హెడ్ మెకానిక్‌గా చేరాను. ఇంజను రిపేరు చేసిన బండి ఏదైనా నా సంతకం పడ్డాకే బయటికి వెళ్లాలి. చేరిన రెండో నెలలో జగ్గయ్యపేట డాక్టర్ సుగుణమ్మగారి కారు ఇంజను మొత్తం విప్పి కట్టాను. పెనుగంచిప్రోలు వైపు ఊళ్లలో కాన్పులు చూడటానికి ఆమె ఆ కారు మీదే వెళ్లేవారు.

ఇచ్చిన నాలుగో రోజునే కారు తిరిగొచ్చింది. లోపల ఏదో టిక్కు టిక్కుమంటోందన్నారు. ఇంజను పైమూత, అంటే హెడ్డు తీస్తే నాలుగో సిలిండర్ గోడ మీద నిలువు గీత కనిపించింది. పిస్టన్ పిన్ను పక్కకు జరగకుండా రెండు చివర్లా చిన్న తీగ లాకులు ఉంటాయి. వాటిలో ఒకటి ఊడి, పిన్ను జరిగి గోడను గీసింది. కొత్త లాకులు ఊళ్లో దొరకలేదని పాతది వేసింది నేనే.

వర్క్‌షాపు యజమాని నన్ను పక్కకు పిలిచి, “ఆయిలు తక్కువై గీసుకుందని చెప్పు. ఆవిడకేం తెలుసుద్ది?” అన్నారు. నాకు మనసొప్పలేదు. జగ్గయ్యపేట బస్సెక్కి వెళ్లి, జరిగింది జరిగినట్టు డాక్టరుగారికే చెప్పాను.

“గీత ఎంత లోతుందండి?” అని ఆమె అడిగారు.

“గోరుకు తగులుతోంది గాని గోరు ఆగట్లేదండి. రాయితో సాపు చేస్తే సరిపోద్ది. సిలిండర్ బోరు మళ్లీ పెద్దగా కోయించాలంటే కుదరదు, ఇప్పటికే ఆఖరి సైజులో ఉంది. లోపల కొత్త గొట్టం, స్లీవు వేయించాలంటే బెజవాడలో నెల పడుద్ది.”

“నెలంటే కుదరదు. మూడు రోజులిస్తా. ఆ తర్వాత నాలుగు ట్రిప్పులు మీరు నా పక్కన కూర్చుని రావాలి.”

బెజవాడ వెళ్లి కొత్త పిస్టన్ రింగులు, లాకులు తెచ్చాను. పిస్టన్లు తీసి, కిందనున్న క్రాంకుషాఫ్టు దించి, సన్నరాయికి కిరసనాయిలు పట్టించి, గోడంతా అడ్డగీతలు పడేలా పైకీ కిందకీ రుద్దాను. గీత పూర్తిగా పోయేదాకా రుద్దితే బోరు వెడల్పై పిస్టన్ వదులవుతుంది. గీత అంచుల గరుకు పోగానే ఆపేయాలి. “ఇంకా కనపడతానే ఉందిగా,” అన్నారు యజమాని. పిస్టన్‌కూ గోడకూ మధ్య సందును గేజితో కొలిచి చూపించాను. హద్దులోనే ఉంది. తెల్లగుడ్డకు మరక అంటకుండా పోయేదాకా సబ్బునీళ్లతో కడిగాను. కొత్త రింగులు, లాకులు వేసి, ఒక్కో లాకూ సరిగా కూర్చుని గాడిలో తిరుగుతోందో లేదో వేలితో తిప్పి చూసుకున్నాను.

మొదటి ట్రిప్పులో వెనక ఆయిలు కాలిన నీలంపొగ వచ్చింది. డాక్టరుగారు అద్దంలో చూసి, బండి నడుపుతూనే ఉన్నారు. ఆమె లోపల కాన్పు చూస్తుంటే నేను బయట ఆయిలు పుల్ల తీసి మట్టం కొలిచేవాణ్ణి. రెండో ట్రిప్పుకు పొగ తగ్గింది. నాలుగో ట్రిప్పులో పుల్ల మీద ఆయిలు గుర్తు కంటే కిందకి దిగలేదు. మీటరు పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లలో ఒత్తిడి, అంటే కంప్రెషను, దాదాపు సమానంగా ఉంది.

“రేపట్నుంచి మీరు రానక్కర్లేదండి,” అన్నారామె. ఆ ఇంజను మరో ఐదేళ్లు విప్పకుండా నడిచింది.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా నేను సంతకం పెట్టిన ఏ ఇంజనులోనూ పాత లాకు పడలేదు. గోడ మీద గీత పడితే ఇంజను ఉంచాలో తీసేయాలో తేల్చేవి గోరు, గేజి, ఆయిలు పుల్ల. గీత ఎందుకు పడిందో దాచేస్తే, ఆ మూడూ సరిగా చెప్పినా అదే తప్పు మళ్లీ జరుగుతుంది.