పొద్దున్నే వచ్చే నాణెం

కుట్టుమిషను మొరాయిస్తే బాగు చేయడానికి ఆ వీధికంతటికీ ఆయనొక్కడే దిక్కు. ఆయన నోరు మొరాయిస్తే బాగు చేసే దిక్కు మాత్రం లేదు. మిషన్ల మావయ్య అనేవాళ్ళు అందరూ. మనిషి చెడ్డవాడు కాదు. మిషను అడుగున చిక్కుకున్న దారప్పోగును పట్టకారుతో లాగేటప్పుడు చూడాలి ఆయన్ని, పసిపిల్ల కాల్లో ముల్లు తీస్తున్నంత జాగ్రత్తగా తీసేవాడు. ఆ ఓపికలో పిసరంతైనా మాటలోకి వచ్చి ఉంటే ఈ కథ చెప్పుకునే పనే ఉండేది కాదు.

ఆయన కొట్టుకు ఎదురుగా గుండీల కొట్టు. గుండీలు, జిప్పులు, దారపు ఉండలు, అస్తరు ముక్కలు. ఆ కొట్టాయన చుట్టమేమీ కాదు గానీ, ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటున్నారు. ఒక్క టీ చెప్పి రెండు గ్లాసుల్లో పోసుకునేవాళ్ళు. మావయ్య లోకాన్నంతా తిట్టిపోస్తూంటే గుండీల బావ రంగుల వారీగా గుండీలు ఏరుకుంటూ ఊఁ కొట్టేవాడు. మతిమరుపు మనిషి. గొడుగు ఎక్కడ పెట్టాడో, చిల్లర ఎవరికిచ్చాడో, సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండేది కాదు.

ఆ వీధికి బ్లాక్‌చెయిన్ తెచ్చింది కటింగ్ మాస్టారి కూతురు. కంప్యూటర్లు చదువుకుని వచ్చిన పిల్ల. బ్యాంకులో పద్దు ఒక్కచోటే ఉంటుంది. ఇక్కడలా కాదు. ప్రతి కొట్టులోనూ అరచేతంత పెట్టె ఒకటి, ప్రతి పెట్టెలోనూ వీధి మొత్తం పద్దు. ఒకడు తన దాంట్లో అంకె మార్చుకుంటే మిగతా పెట్టెలన్నీ కలిసి కాదంటాయి. కుట్టుకూలీ, గుండీల బాకీ, మిషను మరమ్మతు, అన్నీ అందులో నాణేలుగా నడుస్తాయి. యజమాని అంటూ ఎవడూ లేడు. ఏం చెయ్యాలన్నా తలకో ఓటు. వీధి జనం దాన్ని గొలుసు అనేవాళ్ళు.

పెట్టడం ఆ పిల్లే పెట్టినా, పాకించింది మాత్రం మావయ్యే. మిషను అంతా విప్పి, తుడిచి, బిగించి, చివరికి నూనె చుక్క వేసే ముందు ఆగిపోయేవాడు. "ముందు ఫోన్‌లో గొలుసు పెట్టించుకో. ఆ తర్వాతే నూనె," అనేవాడు. పెళ్ళిబట్టలు అందించాల్సిన దర్జీ ఏం చేస్తాడు? తిట్టుకుంటూనే పెట్టించుకునేవాడు. అలా సగం వీధి గొలుసులోకి వచ్చింది. నెల తిరిగేసరికి తిట్టుకున్నవాళ్ళే పక్కవాడికి నేర్పడం మొదలుపెట్టారు.

అదిగో, అప్పుడు ఒక కంపెనీ కన్ను పడింది. పెట్టెలు పాతబడ్డాయి, పక్క బజార్లకూ విస్తరించాలి, దానికి పెట్టుబడి కావాలి. ఇస్తాం గానీ, ఏడాదిపాటు జనం రోజూ వాడుతున్నారని కనబడాలన్నారు కంపెనీవాళ్ళు. ఓట్లలోనూ వాటా కావాలన్నారు. మాస్టారి కూతురు వీధినంతా జతలు చేసింది. కొట్టు తెరవగానే ఎవరి జతకు వాళ్ళు ఒక నాణెం పంపాలి, అవతలివాళ్ళు తిరిగి పంపాలి. మావయ్యకు జత ఎవరో వేరే చెప్పాలా?

కంపెనీ షరతుల మీద ఓటింగు పెట్టిన రోజు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి గుండీల బావ సభలో లేచి నిలబడ్డాడు.

"మన గొలుసు మనమే నడుపుకుందాం. మెల్లగా నడిచినా ఫర్వాలేదు. వాళ్ళ డబ్బు లోపలికొస్తే మన మాట బయటికి పోతుంది."

మావయ్యకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కో మిషను దగ్గరా పట్టుబట్టి కట్టిన గొలుసాయె! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

"రోజంతా గుండీ చిల్లులోంచి లోకాన్ని చూసేవాడివి, నీకేం తెలుసురా పెట్టుబడి సంగతి? నీ గొడుగెక్కడుందో నీకే తెలీదు. పోయి గుండీలమ్ముకో!"

సభంతా గొల్లున నవ్వింది. బావ కూడా నవ్వబోయాడు, కుదరలేదు. మెల్లగా బయటికి నడిచాడు. గొడుగు కుర్చీకి తగిలించే ఉండిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

ఓటు కంపెనీ వైపే పడింది. నెలలోపే బావ కొట్టు ఖాళీ చేసి, దూరపు పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. సామాను బండికెక్కుతున్నంత సేపూ మావయ్య షట్టరు సగం దించుకుని, బాగానే ఉన్న మిషనొకటి విప్పుతూ కూర్చున్నాడు. ఆ మర్నాడు వీధిలో చాటింపు వేసినంత పని చేశాడు.

"నా ముందు ఎవడైనా ఆ గుండీలవాడి పేరెత్తితే, ఇక వాడి మిషను ముట్టను."

మిషను లేనిదే ఎవరికి పూట గడుస్తుంది? ఎవరూ ఎత్తలేదు.

కానీ సభ మర్నాడు కొట్టు తెరవగానే ఆయన ఫోను టింగ్ మంది. బావ నాణెం. ఆ మర్నాడూ వచ్చింది. పట్నం వెళ్ళిపోయాకా వచ్చింది. "పలకడట గానీ పంపుతాడట, దొంగ వెధవ," అనుకుని మావయ్య లోలోపల పొంగిపోయాడు. వెంటనే తన నాణెం పంపేవాడు. జ్వరంతో పడుకున్న రోజున కూడా దుప్పటిలోంచి పంపాడు. మాట్లాడాలంటే అహం అడ్డొచ్చేది. నాణేనికి అహం లేదుగా! బావ సభలో మర్చిపోయిన గొడుగును తెచ్చి, దులిపి, మేకుకు తగిలించి ఉంచాడు. వాడే వస్తాడు, వచ్చి అడుగుతాడు, అప్పుడు నాలుగు తిట్లు తిట్టి ఇవ్వాలని.

ఏడాది దాటింది. కంపెనీవాళ్ళు పెట్టుబడి ప్రకటించడానికి సభ పెట్టారు. తెరమీద గీతలు పైపైకి వెళ్తున్నాయి. కంపెనీ ఆఫీసరు నవ్వుతూ అన్నాడు.

"ఒక్క రోజు కూడా తప్పకుండా వాడిన జత ఒకటుంది. ఇలాంటివాళ్ళను చూసే మేం ముందుకొచ్చాం. ఒకసారి నిలబడండి సార్!"

చప్పట్లు మోగాయి. మావయ్య లేచాడు. మీసం సరిచేసుకున్నాడు.

"ఇందులో సగం మా బావది. పెట్టుబడి వద్దన్నాడు గానీ నాణెం మానలేదు. రేపే వెళ్ళి వాణ్ణి చెవి పట్టుకుని లాక్కొస్తా!"

చప్పట్లు ఆగిపోయాయి. ఆఫీసరు ఇటూ అటూ చూశాడు. కటింగ్ మాస్టారు తల దించుకున్నాడు, ఆయన పక్కవాళ్ళూ దించుకున్నారు. మాస్టారి కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది.

"మావయ్యా, ఆయన పోయి ఐదు నెలలైంది."

"ఎవరు?"

ఆ పిల్ల ఏడ్చేసింది.

"వీధిలో అందరికీ తెలుసు మావయ్యా. పేరెత్తొద్దన్నారుగా మీరు... ఎవరికి వాళ్ళం ఇంకొకళ్ళు చెప్పి ఉంటారనుకున్నాం. ఎదురుగా వచ్చి చెప్పే ధైర్యం నాక్కూడా లేకపోయింది."

"పిచ్చిదానా, ఇవాళ పొద్దున కూడా పంపాడే!"

"అది పెట్టె పంపుతుంది. జతలు చేసిన రోజే నా దగ్గరికొచ్చారు. నేను మర్చిపోతానమ్మా, వాడు తిడతాడు, దానంతటదే వెళ్ళేట్టు పెట్టెయ్ అన్నారు. కొట్టు మూసినప్పుడు పెట్టె నాకిచ్చి, ఖాతాలో ఉన్నదంతా తీసేసుకున్నారు. ఒక్క నాణెం మాత్రం ఉంచమన్నారు. అప్పట్నుంచీ ఆ ఒక్కటే మీ ఇద్దరి మధ్య తిరుగుతోంది మావయ్యా. మీరు పంపిందే మీకు తిరిగొస్తోంది. మీరు మానేస్తే అదీ ఆగిపోతుంది."

ఆ పిల్ల నిజాయితీగా ఆఫీసరుకు కూడా చెప్పింది. లెక్క బాగానే ఉంది, అలాగే ఉండనివ్వండన్నాడట. వద్దన్న మనిషి చచ్చాక కూడా పెట్టుబడి తెచ్చిపెట్టాడు. ఇంతకంటే అన్యాయం ఇంకోటుంటుందా?

మర్నాడు పొద్దున మావయ్య అలవాటుగా నాణెం తిరిగి పంపి, గొడుగు పట్టుకుని బస్సెక్కాడు. ఆ రాత్రి పట్నంలోనే ఒక సత్రంలో పడుకుని, పొద్దున్నే అడ్రసు వెతుక్కుంటూ వెళ్ళాడు. మేడ మీద రెండు గదుల ఇల్లు. బావ కూతురు తలుపు తీసి, మనిషిని చూసి, ఆ తర్వాత గొడుగును చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"కూర్చోండి మావయ్యా."

ఆయన కూర్చోలేదు.

"నన్ను తిట్టుకున్నాడా తల్లీ?"

"లేదు మావయ్యా. తనది పెట్టె పంపుతుందని నాన్నకి తెలుసు. మీరు మాత్రం చేత్తో పంపుతారనీ తెలుసు. పొద్దున్నే మీ నాణెం రాగానే, మా బావ కొట్టు తెరిచాడే అనేవారు. ఆ తర్వాత చాలాసేపు ఫోను కింద పెట్టేవారు కాదు."

"ఎందుకు?"

"మీరు ఫోన్ చేస్తారని."

"మరి వాడు చెయ్యొచ్చుగా!" మావయ్య గొంతు పాత అలవాటున లేచింది.

"నేనూ అదే అడిగాను. మాట అన్నది వాడు, వాడే చెయ్యాలమ్మా, చేస్తాడు చూడు, రోజూ గుర్తుపెట్టుకుంటున్నాడుగా అన్నారు. ఆస్పత్రిలో కూడా ఫోను దిండు పక్కనే పెట్టించుకున్నారు."

ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చుని వినే మనిషి ఉంటే మాట్లాడటం తేలికే. నాణెం కాస్త పక్కన పెట్టి ఒక్కసారి ఫోను చేసి ఉంటే చాలు. ఆ ఒక్క పనీ చేయలేకపోయాడు.

జేబులో ఫోను టింగ్ మంది. కొట్టు తెరిచే వేళయింది. బావ నాణెం. మావయ్య దానివంక చాలాసేపు చూశాడు. చూసి, తిరిగి పంపాడు. లోపలి గదిలో ఇంకో ఫోను టింగ్ మంది.

"ఛార్జింగు పెట్టి ఉంచుతున్నాను మావయ్యా," అందా అమ్మాయి. "ఆ చప్పుడు వింటే నాన్న లేచినట్టే ఉంటుంది."

మావయ్య గొడుగును లోపలి గది గుమ్మానికి ఆనించాడు.

"బావా, తప్పు నాదేరా," అన్నాడు. వీధి చివరిదాకా వినపడే గొంతు ఆయనది. ఆ మాట మాత్రం పక్కనే నిలబడ్డ అమ్మాయికి కూడా సరిగ్గా వినపడలేదు.