చిందీ కోసం వచ్చిన చుట్టం

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు చాక్లెట్ కాగితం చేత్తో పట్టుకుని, ఇది తడి చెత్తా పొడి చెత్తా అని నన్నే నిలదీస్తున్నారు. నేను పడుచువాణ్ణిగా ఉన్న ఆ రోజుల్లో చెత్తకు ఒక్కటే చిరునామా, మన గడపకు అవతల. అక్కడి నుంచి అది ఎటు పోతుందని ఎవరైనా అడిగితే, పాపం వీడికి ఇంట్లో పని చెప్పేవాళ్ళు లేరనుకునేవాళ్ళం. ఈ విషయంలో నాకున్న స్థిరమైన అభిప్రాయాలన్నీ సూరత్‌లో, మన తెలుగువాళ్ళుండే లింబాయత్ సందులో, ఒకే ఒక్క మధ్యాహ్నం కూలిపోయాయి. నేను ఏది చెప్పినా ఉప్పు కాస్త ఎక్కువ వేస్తానని చుట్టాల్లో పేరుంది (ఆ పేరు ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి కష్టపడ్డాను). ఈ సంగతిలో మాత్రం చిటికెడే వేశాను. అది అసలే ఉప్పగా ఉంది.

అప్పటికి నేను ఊరు విడిచి మా మేనమామ పంచన చేరి ఏడాది దాటింది. మామ ఒక గుజరాతీ సేటు కార్ఖానాలో మేస్త్రీ, నేను అక్కడే సాంచాలు నడిపేవాణ్ణి. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. దాని చప్పుడు ఎలాంటిదంటే, పని దిగి గదికి వచ్చాక కూడా అన్నం మెతుకులు నోట్లో టకటకమంటూ ఆడేవి. నా పక్క సాంచాల మీద పనిచేసే పెద్దాయన, తన పెళ్ళాం ఏం తిడుతోందో వినబడక చాలా ఏళ్ళయిందనీ, కాపురం నిలబడింది అందుకేననీ చెప్పేవాడు. నాకింకా పెళ్ళి కాలేదు, చెవులతో అవసరం ఉంది. అందుకని సాంచా దిగి, కార్ఖానా వెనకనున్న గోదాం చూసుకునే పని దొరికితే చాలు, దేవుణ్ణి ఇంకేమీ అడగనని మొక్కుకున్నాను.

దేవుడు విన్నాడు, కాకపోతే తన పద్ధతిలో విన్నాడు. సూరత్‌లోనే ఆల్థాన్ పేటలో ఉండే ఒక దళారీ మా సేటుకు ఫోన్ చేసి, ఐరోపా నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడనీ, అక్కడి చెత్త కంపెనీ మనిషనీ, మూడో రోజున మన కార్ఖానా చూడ్డానికి వస్తాడనీ చెప్పి పెట్టేశాడు. సేటుకు చెమటలు పట్టాయి. ఆయన అనుభవంలో చెత్త గురించి అడిగేవాళ్ళంతా తప్పు పట్టడానికి వచ్చేవాళ్ళే. ఇంగ్లీషు వచ్చినవాడు కావాలన్నాడు. మా మామ వెంటనే నన్ను ముందుకు తోశాడు. "మా అల్లుడు ఇంగ్లీషుల మాట్లాడితే ఇంగ్లీషోడే ఆగి ఇంటడు సేటూ." (ఆగి వినడం నిజమే. అర్థం కాక ఆగుతారు.) సేటు నన్ను కిందికీ పైకీ చూసి హిందీలో ఒకటే మాట అన్నాడు, వచ్చిన మెహమాన్ ఖుషీగా వెళ్తే గోదాం నీది, లేకపోతే నువ్వు మళ్ళీ సాంచా మీద కనబడాలి, అది కూడా జీవితాంతం.

ఇక నన్ను పట్టతరమా? ఐరోపా గురించి నాకు తెలిసింది ఇంటర్ పుస్తకంలో ఒక పాఠం, అదీ పరీక్షకు రాలేదు. అయినా అందరూ చుట్టూ చేరి అడిగేసరికి నోరు ఊరుకోలేదు. అక్కడ నేల మీద దారం పోగు కనబడితే కార్ఖానాకు తాళం వేస్తారన్నాను. రోడ్డు మీద ఉమ్మితే పక్క దేశానికి పంపించేస్తారన్నాను.

మామ నిజంగానే దిగ్భ్రాంతి చెందాడు. "గట్లయితే మనసొంటోళ్ళు నలుగురు పోతే దేశం ఖాళీ అయితదేమో గదరా."

"అందుకే మనకు వీసా ఇస్తలేరు మామా."

సేటు నవ్వలేదు. చుట్టం ఇంటికొస్తే చీపురు పట్టడం ఆయన కులాచారం, మా కులాచారం కూడా. గోదాంలో అప్పటికి చిందీ పైకప్పు దాకా నిండి ఉంది. చిందీ అంటే సాంచాల పక్కన రాలే పీచు, తెగిన అంచులు, బట్ట కొసలు, పాడైన ముక్కలు. కొనేవాడు సరైన ధర ఇవ్వడం లేదని సేటు అలిగి మూటలు కట్టి దాచాడు. ఇప్పుడు వాటిని చూస్తేనే వణుకు పుట్టి, ఎవరికి కావాలంటే వాళ్ళు ఊరికే పట్టుకుపొమ్మన్నాడు. లింబాయత్ సందులన్నీ కదిలివచ్చాయి. బొంతలు కుట్టుకోవడానికి కొందరు, దిండ్లలో కూరుకోవడానికి కొందరు, ఊరికే దొరుకుతుంది గనక ఇంకొందరు. సాయంత్రానికి గోదాం ఎంత ఖాళీ అయిందంటే, గోడ మీది బల్లి సిగ్గుపడి వెళ్ళిపోయింది. సున్నం వేశాం. ముగ్గు పెట్టించాం. మామిడాకులు కట్టాం. ఒక కొత్త చెత్తబుట్ట కొనుక్కొచ్చి, దుమ్ము పడకుండా దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

మూడో రోజున ఆయన వచ్చాడు. ఆయన పొడుగు గురించి నేను చెబితే నమ్మరు గనక, దండ వేయడానికి సేటు స్టూలు తెప్పించాడని మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఇరవై సాంచాలు ఒక్కసారి నడిపించి, మెరిసే చీర గుడ్డ ఆయన ముందు పరిచాం. ఆయన దాన్ని చూడలేదు. వంగి సాంచాల కింద చూశాడు, మూలల్లో చూశాడు, తలుపుల వెనక చూశాడు. కొత్త చెత్తబుట్టలోకి తొంగి చూసి, ప్లాస్టిక్ కవరు తట్టి, నన్ను చూశాడు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"మీ వేస్ట్ ఎక్కడ?" అన్నాడు.

"మా దగ్గర వేస్ట్ లేదు సార్," అన్నాను.

"అసలు లేదా?"

"పుట్టదు సార్."

ఆయన ముఖం తెల్లగా ఉన్నది ఇంకా తెల్లబడింది. స్టూలు మీద కూలబడి (దండ వేశాక అది అక్కడే ఉంది), రెండు విమానాలు మారి వచ్చానన్నాడు. దళారీ గోదాం నిండా ఉందని చెప్పాడన్నాడు. అది కొనుక్కుని పోవడానికే వచ్చానన్నాడు. నేను మూడు మాటల్లో ఒకటి చొప్పున అర్థం చేసుకుంటున్నాను. ఈ చివరి మాట మాత్రం పూర్తిగా అర్థమయింది, అర్థం కాకపోయి ఉంటే బాగుండేది.

సేటుకు చెప్పాను. ఆయన చేతిలో చల్లని నిమ్మరసం గ్లాసు ఉంది. అది తాగడానికి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. హిందీలో మెల్లగా అడిగాడు, "కొంటాడా? చెత్తను? పూరా?"

అప్పుడు ఆ పొడుగాయన తన దేశం సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఒక్కొక్కటీ సేటుకూ మామకూ హిందీలోకీ తెలుగులోకీ తిప్పుతూ, తిప్పిన ప్రతిదానికీ నేనే ముందు నిర్ఘాంతపోతున్నాను. అక్కడ ఒక్కో ఇంటికి నాలుగైదు చెత్త డబ్బాలుంటాయట, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వేస్తే బండివాడు తీసుకోకుండా చీటీ అంటించి పోతాడట. ఖాళీ సీసా తీసుకెళ్ళి మిషన్ నోట్లో పెడితే అది డబ్బులు కక్కుతుందట. చెత్తను భూమిలో పాతిపెట్టాలంటే సర్కారుకు పన్ను కట్టాలట. కొన్ని ఊళ్ళలో చెత్త కాల్చిన వేడితోనే చలికాలంలో ఇళ్ళు వెచ్చగా ఉంచుకుంటారట, అది చాలకపోతే పక్క దేశం చెత్త తెప్పించుకుంటారట.

"అప్పు దెచ్చుకుంటరా?" అన్నాడు మామ.

"తీసుకున్నందుకు పక్క దేశపోళ్ళే పైసలిస్తరంట మామా."

మామ గోడకు ఆనుకున్నాడు. "అరే, నా అబద్ధాల పుట్టా, గిది నువ్వు కలుపుతున్నవు."

నా జీవితంలో నేను ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పిన మొదటి సంగతి అది. ఒట్టు వేసినా మామ నమ్మలేదు. పొడుగాయన ఇంకా చెప్పాడు. ఇక ముందు పాత బట్టలు కూడా వేరే డబ్బాలో వేయాలని రూలు రాబోతోందట (ఇప్పుడు వచ్చేసిందని విన్నాను), కొత్త బట్టలో పాత బట్ట ఎంత కలిసిందో కంపెనీలు చూపించుకోవలసిన కాలం వస్తోందట, దానికని బట్టను మళ్ళీ దారం చేసే మిషన్లు పెడుతున్నారట. ఆ మిషన్లకు మేత మా చిందీ. చెప్పి, గడియారం చూసుకుని, పోనీ మీ చిందీ ఎక్కడికి పోయిందో అదైనా చూపించండి, చెత్త ఎక్కడ పుట్టి ఎక్కడికి పోయిందో తెలుసుకోవడమే ఇప్పుడు మా వ్యాపారంలో సగం అన్నాడు.

గోదాం నా కళ్ళ ముందు తలుపులు మూసుకుంటోంది. సందులోకి తీసుకెళ్ళాం. షేర్ ఆటోలో ఆయన మోకాళ్ళు డ్రైవరు చెవుల పక్కకు వచ్చాయి.

మొదటి గడపలోనే బొంతల అవ్వ కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని మా చిందీ కూరుతోంది. సందులో సగం ఇళ్ళకు బొంతలు కుట్టి పెట్టేది ఆమే. మామ చేతులు నలుపుకుంటూ అడిగాడు, "అవ్వా, మొన్న తీస్కపోయిన చిందీ జర వాపస్ ఇయ్యాలె."

"ఇచ్చింది మళ్ళ అడుగుడేంది బిడ్డా? గట్ల అడిగితే నాలిక మీద పుండ్లు లేస్తయి."

"నాకు గాదవ్వా. గీ దొరకు."

అవ్వ ఆయన్ని పాదాల దగ్గర మొదలుపెట్టి చూడగా చూడగా మెడ నొప్పి పుట్టి ఆగింది. "గింత పొడుగు మనిషికి వాళ్ళ దేశంల ఒక దిండు లేదా?"

"ఉన్నదవ్వా. ఆయన చెత్త కొంటడు."

"కొంటడా?"

ఆ ఒక్క మాట ఆ సందు చివర దాకా ఎలా వెళ్ళిందో నాకు తెలియదు, అవ్వ గొంతు పెంచలేదు కూడా. ఎదురింటి కిటికీలోంచి ఒక తల మాయమయింది. తర్వాత ఇంకో తల. కాసేపట్లో తలుపులన్నీ తెరుచుకున్నాయి. దిండ్లు వచ్చాయి, బొంతలు వచ్చాయి, వాటి వెనకే జత తప్పిన చెప్పులు, మూతి విరిగిన ప్లాస్టిక్ బిందెలు, రెక్కల్లేని ఫ్యాను, పగిలిన టీవీ డబ్బా వచ్చాయి. ఒకామె తన మరిదిని రెక్కపట్టి తీసుకొచ్చి, "గీయన గూడ దేనికీ పనికి రాడు, తీస్కపోతడేమో అడుగు తమ్మీ," అంది. (ఈ మరిది ముక్క నేను కలిపిందేనని మామ ఇప్పటికీ అంటాడు. మామకు జ్ఞాపకశక్తి తగ్గింది.)

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత చెత్త ఐరోపా మొత్తం కలిపినా ఉండదు, గోదాం నాదే అనుకున్నాను. పొడుగాయన మాత్రం సందు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక దిండు విప్పాడు. దారం పోగు తీసి అగ్గిపుల్లతో అంటించాడు. అది కరిగి చిన్న పూసలా అయింది, పాలిస్టర్ అన్నాడు. ఇంకో పోగు అంటించాడు. బూడిదయింది, కాటన్ అన్నాడు. మూడోది అంటిస్తే తలకు రాసుకునే ఉసిరికాయ నూనె వాసన వచ్చింది. దాని పేరు ఆయనకు తెలియలేదు. నాలుగో దాంట్లో పాత దూది, ఐదో దాంట్లో ఎండిన వేపాకు. లేచి, దుమ్ము దులుపుకుని, చాలా మర్యాదగా నాతో ఒక మాట చెప్పాడు.

"ఏమంటడురా?" అన్నాడు మామ.

చెప్పక తప్పలేదు. "చెత్త పాడైపోయిందంట మామా."

మామ నా ముఖంలోకి చూశాడు, ఆయన ముఖంలోకి చూశాడు. "చెత్త పాడైపోవుడేందిరా? పాడైతెనే గద చెత్త అయ్యేది."

సేటు ఆటోలోనే కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అవ్వ తన దిండు లాక్కుని, "నా దిండుకేమైందట?" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

తిరిగి కార్ఖానాకు వచ్చాక, పొడుగాయన వెళ్ళేముందు ఒక దారి చూపించాడు. సాంచా నుంచి రాలినది రాలినట్టు నేరుగా సంచిలో పడాలి, పాలిస్టర్ వేరు, కాటన్ వేరు, మధ్యలో మనిషి తల గానీ కాలు గానీ తగలకూడదు, అలా ఉంచితే వానలు వెనకపట్టాక తన మనుషులు వచ్చి తీసుకుంటారు. దానికి ఒక మనిషిని పెట్టండి అన్నాడు. సేటు కార్ఖానా అంతా కలయజూశాడు. నేత పనివాళ్ళందరూ ఒక్కసారిగా సాంచాల వైపు తిరిగారు. నేసిన చేతులతో చెత్తకు కావలి ఉండటమేమిటని వాళ్ళ వీపులే చెబుతున్నాయి. తిరగనివాణ్ణి నేనొక్కణ్ణే.

మామ నన్ను పక్కకు లాగాడు. "మీ అమ్మకు ఏం చెప్పాలెరా నేను?"

"గోదాం ఇన్‌ఛార్జ్ అని చెప్పు."

"గోదాంల ఏమున్నదంటే?"

"విలాయత్ పోయే మాల్ అని చెప్పు."

మామ చాలాసేపు వెతికాడు గానీ అందులో అబద్ధం దొరకలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

అలా గోదాం నాదయింది (వానల తర్వాత వాళ్ళ మనుషులు నిజంగానే వచ్చారు, ఆనాటి నుంచి నా పొట్ట చిందీ మీదే గడుస్తోంది). మొదటి రోజున ఆ సున్నం వేసిన పెద్ద గదిలో రెండు ఖాళీ సంచులు, నేను. మధ్యాహ్నానికి మొదటి గుప్పెడు పీచు వచ్చింది, పాలిస్టర్. దాన్ని సంచి అడుగున పెట్టి, దాని మీద ఈగ వాలకుండా విసురుతూ, గుమ్మంలోకి వచ్చిన మేకను కర్రతో అదిలిస్తూ నిలబడ్డాను. మామ సద్ది పట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు, సంచిలోకి తొంగి చూశాడు. వెనక్కి వెళ్ళి, గడప బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

ఆ గుప్పెడు పీచుకు అంత గంభీరంగా కాపలా కాసిన పోరగాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. కాస్త కూర్చోరా, అన్నం తిను, దాన్నెవరూ ఎత్తుకుపోరు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. కర్ర పట్టుకుని, కడుపు లోపలికి పీల్చుకుని, ఐరోపా మొత్తం తనవైపే చూస్తున్నట్టు నిలబడే ఉంటాడు.