అమ్మ ప్రార్థన అయ్యేదాకా

మొన్న ఆదివారం ప్రార్థన మధ్యలో మా చర్చి కీబోర్డు దానంతటదే ఆగిపోయింది. చెడిపోయి కాదు, ఆ మెత్తటి సంగీతాన్ని అందులో నాలుగు నిమిషాలకే నింపి పెట్టారట. అది ఆగగానే అందరూ ఆమెన్ అనేశారు. నాది ఇంకా సగం మిగిలే ఉంది. ఈ వయసులో మోకాళ్ల మీద నుంచి లేవడమే ఒక పూట పని కాబట్టి, లేచేలోపు మిగతాది ముగిద్దామనుకున్నాను గానీ అప్పటికే ప్రకటనలు మొదలయ్యాయి. ఇరవై ఏళ్ల కిందట కొత్తగూడెంలో మా పాత చర్చికి వచ్చిన నలుగురు అమెరికా వాద్యకారులు అలా గుర్తొచ్చారు.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లిషు చెప్పేవాణ్ణి. ఇంగ్లిషు చెప్పేవాడికి ఇంగ్లిషు వస్తుందని మా వాళ్లకొక నమ్మకం ఉండేది గనుక, ఆ కచేరీ బాధ్యత నా నెత్తిన పడింది. రెండు వయొలిన్లు, వాటికి అక్కలాంటి వయోలా ఒకటి, కాళ్ల మధ్య నిలబెట్టుకొని వాయించే చెలో ఒకటి. తమ దేశపు స్వరకర్తలు రాసిన శాస్త్రీయ సంగీతాన్ని ఊరూరా వినిపిస్తూ తిరుగుతున్నారు. మా ఊరి భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగీ దిగగానే గోదావరి ఎక్కడని అడిగారు. ఇంకా గంట ప్రయాణమని, స్టేషన్ పేరులో రోడ్డన్న మాట ఒక్కటే మా ఊరిదని చెప్పాల్సి వచ్చింది.

వాళ్ల షరతు ఒక్కటే. కచేరీని రికార్డు చేసుకుంటారు కాబట్టి, వాయిస్తున్నంతసేపు ఎవరూ చప్పుడు చేయకూడదు. తుమ్ము వచ్చినా స్తోత్రం చెప్పే మనుషుల చేత ఈ షరతు ఒప్పించడానికి నాకు వారం పట్టింది. మా చర్చిలో ప్రార్థనంటే ఎవరి గోడు వాళ్లు, అందరూ ఒక్కసారే పైకి చెప్పుకోవడం. వెనక హార్మోనియం వాయించే తాతయ్య, ఆఖరి గొంతు ఆగేదాకా తిత్తి వదిలేవాడు కాదు. ఆ ఆఖరి గొంతు చాలాసార్లు మా అమ్మదే.

అలాంటి అమ్మ నెల రోజులుగా ప్రార్థన మానేసింది. ముప్పై ఏళ్లు గనిలో బొగ్గు దుమ్ము పీల్చిన నాన్న, ఊపిరితిత్తులు చెడి దవాఖానాలో పడి ఉన్నాడు, కచేరీ మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. అమ్మ ఏడ్చేది కాదు, దేవుణ్ణి అడిగేది కాదు, క్యారియర్ కడిగి మళ్లీ అన్నం సర్దేది. ఆ సాయంత్రం ఆమెను బలవంతంగా చర్చికి తీసుకెళ్లాను. ఆమె మనసు తేలికపడుతుందని కాదు. నిజం చెప్పాలంటే, ఆమె రాకపోతే ముందు బెంచీ ఖాళీగా కనిపిస్తుందని.

మొదటిది చాలా హుషారుగా సాగింది. అది ముగిసీ ముగియకముందే మా మేనత్త నా చెవిలో, “పాట మర్చిపోయిండ్రేమోరా, వట్టి రాగం పట్టుకొని తిరుగుతుండ్రు,” అంది. గట్ల కాదత్తా, మాటలుండవని సర్దిచెప్పాను.

రెండోది నెమ్మదిగా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు మొదలైంది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. ఆ కొంగు కదలిక నాకు తెలుసు గాని, తెలిసి చేసేదేముంది. బెంచీ మీద నుంచి కిందికి జారి మోకాళ్లూని, పైకే, “ప్రభువా,” అంది. అంతే. వెనక బెంచీల్లో కొంగులన్నీ తలలెక్కాయి. వారం రోజుల నా శిక్షణ ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

పాస్టరుగారు మొహం వాడిపోయి నా దగ్గరికొచ్చి, “తమ్మీ, జర అమ్మను ఆపు. రికార్డంత ఖరాబైతది,” అన్నారు. పెదవుల మీద వేలు పెట్టుకొని వెళ్లాను. అమ్మ కళ్లు మూసుకొని చెప్పుకుంటోంది: “ఒక్కనాడు మంచిగ మాట్లాడలే ప్రభువా నాతోని. అయినా నాకు ఆయనే గావాలె. రేపు పొద్దుగాల ఆయన చెయ్యి ఇడువకు.”

ఆ వేలును ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పక్కనే మోకాళ్ల మీద కూలబడ్డాను.

చెలో వాయిస్తున్న పెద్దావిడ అమ్మ వంక చూసింది. నలుగురూ చివరికొచ్చి తీగల మీది కమానులు ఎత్తారు. ఇటు గొంతులు ఆగలేదు. ఆవిడ మిగతా ముగ్గురికీ తల ఊపి, అదే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. తర్వాత మరోసారి. మూడోసారి అమ్మ ఆమెన్ అన్నాకే కమాను దించింది. మా హార్మోనియం తాతయ్య సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు.

క్షమాపణకు నేను తయారు చేసుకున్న ఇంగ్లిషంతా వృథా అయింది. అమ్మ ఎవరికోసం వేడుకుంటోందని మాత్రమే అడిగింది ఆ చెలో ఆవిడ. నాన్న కోసమని చెప్పాను. రికార్డు పంపుతామన్నారు, రాలేదు. ఎక్కడో అమెరికాలో, ఆ దేశపు గొప్ప సంగీతం మీద మా అమ్మ కాపురం గుట్టు భద్రంగా ఉండే ఉంటుంది.

నాన్న బతికాడు. ఇంకో ఆరేళ్లు, “నన్ను దవాఖానాల పండవెట్టి మీరందరు కచేరీకి పోయిండ్రు,” అని దెప్పుతూనే ఉన్నాడు. అమ్మ ఆ మాట వింటూనే ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించేది.

ఇప్పుడు నాన్న లేడు, అమ్మ లేదు, తాతయ్య హార్మోనియం ఏ అటక మీద ఉందో తెలియదు. మా వాళ్లంతా సంగీతం మొదలైతే మొదలుపెట్టి, ఆగితే ఆగడం చక్కగా నేర్చుకున్నారు. ఆ మర్యాద మొదట నేర్పబోయింది నేనే కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు లేదు. మొన్నటి సగం ప్రార్థన మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఇంట్లో కూర్చొని ముగించవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ కళ్లు మూసుకోగానే, వెనక ఎవరైనా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారేమోనని కాసేపు వింటూ ఉండిపోతాను.