బోర్డు మాట జవదాటని మనిషి

మా తోడల్లుడికి ఉన్నది ఒక్కటే జబ్బు: ఎక్కడ ఏ బోర్డు కనబడినా, అందులో రాసి ఉన్నది చేసి తీరుతాడు. మనమందరం బోర్డులు చదువుతాము, అతడు పాటిస్తాడు. ఈ రెండు క్రియలకూ నడుమ ఎంత దూరమున్నదో, ముప్పై నాలుగేళ్ళు తరగతి గదిలో "కూర్చోండి, రాయండి, మాట్లాడకండి" అని గొంతు చించుకున్న నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. విధ్యర్థక క్రియకు లోకంలో చెల్లుబాటు లేదన్న నిశ్చయంతో నేను పదవీ విరమణ చేశాను. ఆ నిశ్చయాన్ని ఒంటిచేత్తో తలకిందులు చేసినవాడు ఇతడే.

అతడి వృత్తి కూడా బోర్డులు రాయడమే. ప్రతి బోర్డూ రంగు ఎక్కక ముందు కాగితం మీద నా దగ్గరికి వస్తుంది. ఒత్తులూ దీర్ఘాలూ నేను సరిచూస్తాను. "నిచ్చెన మీద ఎండలో నిలబడి రాసిన మాటన్నయ్యా, చదివి కూడా వినకపోతే ఆ రాసినవాడికి ఎంత చిన్నతనం!" అంటాడు. వింతగా తోచినా, ఉపాధ్యాయుడిగా నేను కాదనలేని వాదన అది.

"నిర్ఘాంతపోవు" అనే క్రియను నేను చాలాకాలం పుస్తకాలలోనే ఎరుగుదును. సొంత వాక్యంలో ప్రయోగించమని పిల్లలకు ఇచ్చేవాడినే గాని, స్వయంగా ప్రయోగించుకునే యోగం నాకు పట్టలేదు. మా మామగారు తమ రెండో అమ్మాయిని ఇతడికిచ్చి చేసిన నాటితో ఆ కొరత తీరిపోయింది.

ఒకనాడు ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాము. కౌంటరు అద్దం మీద, చేత్తో రాసిన అట్టముక్క ఒకటి అంటించి ఉంది: "వరుసలో నిలబడండి." లోపల కొత్తగా చేరిన అమ్మాయి. బయట జనం అప్పుడే వెళ్ళిపోయారు, మిగిలింది మేమిద్దరమే. నేను బల్ల మీద కూర్చున్నాను. అతడు కౌంటరుకు నాలుగడుగుల దూరంలో నిటారుగా నిలబడ్డాడు.

"రండి సార్," అన్నది ఆ అమ్మాయి.

అతడు కదలలేదు.

"సార్, మిమ్మల్నే!"

"వరుస ఇంకా రాలేదమ్మా. నేనొక్కణ్ణే ఉన్నాను. ఒక్కడు వరుసెలా అవుతాడు?"

చేసేది లేక నేనే లేచి వెళ్ళి అతడి వెనక నిలబడ్డాను. ఆ బ్యాంకులో నాకు ఖాతా అయినా లేదు.

పళ్ళ డాక్టరు దగ్గర జరిగింది ఇంకా ఘోరం. గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని ఉంది. డాక్టరు ఏ పన్ను అని అడిగాడు, జవాబు లేదు. పైదా, కిందిదా అన్నాడు; మౌనం. డాక్టరు కంగారుపడి మా మరదలి వైపు తిరిగాడు. "ఏమమ్మా, మాట ఎప్పుడు పడిపోయింది?"

"పడిపోలేదు డాక్టరుగారూ. ఆ బోర్డు తీయించండి, మాట దానంతటదే వస్తుంది."

కాంపౌండరు స్టూలెక్కి బోర్డు తీశాడో లేదో, "ఎడమ వైపు కింద, చివరి నుంచి రెండోదండీ," అన్నాడు మావాడు. "బోర్డు మీద అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. ఎవరు రాశారు?" నోరు తెరవవలసినవాడు అతడు, తెరిచినవాడు డాక్టరు.

అటువంటివాడికి కళల మండలివారు తొమ్మిది బోర్డులు రాసే పని అప్పగించారు. మూతబడిన నూలు మిల్లులో మూడు రోజుల కళోత్సవం. తొమ్మిదిమంది కళాకారులకు గ్రాంటు ఇచ్చి తొమ్మిది ఇన్‌స్టలేషన్లు పెట్టించారట. అదేమిటని అడిగాను.

"బొమ్మా కాదు, శిల్పమూ కాదన్నయ్యా. ఒక గదంతా ఏదో అమర్చి పెడతారు. మనం లోపలికి వెళ్ళి, చూసి ఊరుకోకూడదు, చెయ్యి వెయ్యాలి. ఏం చెయ్యాలో ప్రతిదాని ముందూ బోర్డు మీద ఉంటుంది."

ఈ మాట విని మా మరదలు చేతిలోని గరిట కింద పెట్టేసింది. "తొమ్మిది బోర్డులు, ఒక్క కప్పు కిందా? బావగారూ, మీకు దండం పెడతాను, మీరూ మాతో రండి."

వెళ్ళాను. పదవీ విరమణ నాడు కుట్టించుకున్న నా బూడిదరంగు కోటు తొడుక్కున్నాను. నాలుగు బొత్తాలదీ కోటు, సభలకు తప్ప బయటికి తీయను. అతడు కొత్త ఆకాశనీలం చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా రంగును పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి.

మొదటి గదిలో బల్ల నిండా పింగాణీ కప్పులు. బోర్డు: "మీ కోపం దేని మీదో చెప్పి, ఒక కప్పు గోడకేసి కొట్టండి." మావాడు కప్పు పట్టుకుని నిలబడ్డాడు. అయిదు నిమిషాలు గడిచాయి. నుదుటి మీద చెమట.

"ఏమోయ్, కొట్టవేం?"

"కోపం రావడం లేదన్నయ్యా. కాస్త తిట్టండి."

నాకు తెలిసిన నిందావాచకాలన్నీ ప్రయోగించాను. "ఎంత చక్కగా తిట్టారు!" అని మురిసిపోయాడు. వెనక వరుస పెరిగిపోతోంది.

"తప్పుకోండి, నేను చూసుకుంటాను," అని మా మరదలు ముందుకు వచ్చింది. "ఇది పళ్ళ డాక్టరు ముందు నా పరువు తీసినందుకు!" ఫెళ్ళుమన్నది. "ఇది 'పచ్చి రంగు, కూర్చోరాదు' అన్న పాత బోర్డు తీసేదాకా మూడు నెలలు పార్కులో నన్ను నిలబెట్టినందుకు!" ఫెళ్ళు. "ఇది అప్పుడు కూడా ఈయన నవ్వినందుకు!" ఏడు కప్పులయ్యాయి. పక్క గోడకు ఆనుకుని ఉన్న ఆ గది కళాకారుడు మిగిలిన కప్పులకు చేతులు అడ్డం పెట్టి, "అమ్మా, ఒక్క కప్పు అని రాశామండీ," అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. ఈసారి కారకుడు అతడు కాదు, అతడి భార్య. కాబట్టి దీనిని వేరే పద్దులో వేసుకున్నాను.

అన్నింటికంటే చివరి గదిలో జనం లేరు. ఒక పాత మగ్గం చట్రం, పక్కన స్టూలు మీద పాతికేళ్ళ అమ్మాయి. బోర్డు: "మీ ఒంటి మీది బట్టలోంచి ఒక పోగు లాగి ఈ చట్రానికి కట్టండి." చట్రం బోసిగా ఉంది. వచ్చినవాళ్ళు బోర్డు చదివి, తమ బట్టల వైపు చూసుకుని, వెళ్ళిపోతున్నారు.

"మా అమ్మ ఇరవై ఏళ్ళు ఈ మగ్గం మీద పని చేసిందండీ," అన్నది ఆ అమ్మాయి. "ఎల్లుండి నాలుగు గంటలకు మండలివాళ్ళు వస్తారు. జనం చెయ్యి పడ్డవాటిని మిల్లులోనే ఉంచుతారట. పడనివి తీసేస్తారు. దీన్ని పాత ఇనుము కింద పట్టుకుపోతారు. అమ్మ ఆ రోజే చూడటానికి వస్తానంది."

మావాడు వెంటనే చొక్కా అంచు నుంచి ఒక పోగు లాగి చట్రానికి ముడివేశాడు. బోర్డు చెప్పింది, అతడు చేశాడు. ఇందులో నాకు విశేషమేమీ కనబడలేదు. నా కోటు గుర్తుకు వచ్చి నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను. ఈ సంగతి రాయకుండా దాటవేయవచ్చును గాని, ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు నిజం చెప్పమని చెప్పినవాడిని.

రెండో రోజు అతడు ఒక్కడే వెళ్ళి సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చొక్కా బొడ్డు దాకానే ఉంది. అప్పటికే మా ఇంట్లో ఉన్న మా మరదలు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్త సబ్బు పడలేదు బావగారూ. ఒక్క ఉతుకుకే ఇంత ముడుచుకుపోయింది." అతడు తలవంచుకుని కాఫీ తాగాడు. నేను సబ్బుల నాణ్యత పడిపోయిన తీరు మీద కొంతసేపు మాట్లాడాను. ఎంత తెలివితక్కువగా మాట్లాడానో మర్నాడు తెలిసింది.

మూడో రోజు మూడున్నరకు నేనూ మా మరదలూ వెళ్ళేసరికి చివరి గది ముందు జనం కిటకిటలాడుతున్నారు. తోసుకుంటూ లోపలికి వెళ్ళాము. స్టూలు మీద మా తోడల్లుడు. ఒంటి మీద బనియను. దాని పైన చొక్కా తాలూకు కాలరూ, భుజాలూ, కింద ఆధారమన్నది లేకుండా వేలాడే ఒక జేబూ. చట్రం మీద వందలాది ఆకాశనీలం పోగులు. ఇంకా లాగుతూనే ఉన్నాడు. జనంలో ఒకాయన తన భార్యతో, "ఈ ఇన్‌స్టలేషన్ చాలా సహజంగా ఉంది, మనిషి ఊపిరి కూడా తీస్తున్నాడు," అంటున్నాడు.

మా మరదలు "అమ్మో!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు బనియను పట్టలేదు, జనం పట్టలేదు. నా కళ్ళు బోర్డు మీద నిలిచిపోయాయి. నేనే సరిచూసిన వాక్యం అది.

"ఏమోయ్! ఒక పోగు అని ఉంది కదా!"

అతడి చేతులు ఆగిపోయాయి. "అవునన్నయ్యా. ఒకటి అని రాసింది నేనే."

"మరి?"

"మొన్న వచ్చినవాళ్ళందరూ చూసి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరైనా వచ్చేదాకా ఇంకొకటి కడదామనుకున్నాను. కట్టడానికి ఎవరూ రాలేదు."

నా జీవితంలో "నిర్ఘాంతపోవు" అనే క్రియ సార్థకమైనది ఆ క్షణంలోనే. బోర్డు మాట జవదాటడం ఆ మనిషికి వచ్చునని నాకు తెలియదు.

ఇంతలో నాలుగయింది. మండలి నుంచి పొడుగాటి మేడమ్ ఒకరు పుస్తకం పట్టుకుని వచ్చారు. వెనకే ఆ అమ్మాయి తల్లి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. మేడమ్ చట్రం చూశారు, బనియను చూశారు.

"ఎంతమంది పాల్గొన్నారమ్మా?"

ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. "ఒక్కరేనండీ."

గది నిశ్శబ్దమైపోయింది, బోర్డేమీ లేకుండానే. మా తోడల్లుడు లేచి నిలబడ్డాడు. జేబు ఊగింది. "తప్పంతా నాదేనండీ. ఆ అమ్మాయి వద్దంటూనే ఉంది. దయచేసి మగ్గాన్ని మాత్రం పంపించకండి."

అప్పుడు నేను చేసిన పనిని ఇప్పటికీ నేనే నమ్మలేకపోతున్నాను. కోటు చేతి అంచు పట్టుకుని ఒక పోగు లాగాను. పోగుతో పాటు బొత్తాం ఊడి మేడమ్ చెప్పుల దాకా దొర్లింది. "రెండోవాణ్ణి నేనండీ," అన్నాను. మా మరదలు కొంగు అంచు నుంచి ఎర్ర పోగు తీసింది. "మూడు!" అన్నది, కప్పు పగలగొట్టినంత గట్టిగా. మనిషిని బొమ్మనుకున్న ఆ పెద్దమనిషి సిగ్గుపడి రుమాలు బయటికి తీశాడు. తరువాత లెక్క తప్పింది. చివరికి మేడమ్ పుస్తకం చంకలో పెట్టుకుని, తమ శాలువా కుచ్చులోంచి ఒకటి లాగి, ముడి రాక తంటాలు పడుతుంటే, గుమ్మం దగ్గరి తల్లి వచ్చి, "అలా కాదమ్మా," అని వేళ్ళు పట్టుకుని వేయించింది.

ఇంటికి నడుస్తూ అడిగాను: "ఏమోయ్, బ్యాంకులో ఆ వరుస కూడా ఇటువంటిదేనా?"

"ఆ అట్టముక్క ఆ పిల్ల అప్పుడే రాసి అంటించుకుందన్నయ్యా, సిరా ఆరలేదు. జనం మీద పడి కంగారు పెట్టేసి వెళ్ళారు. ఒక్కడైనా తన మాట విన్నాడని తెలియాలి కదా."

"పళ్ళ డాక్టరు దగ్గర?"

"అక్కడ మాత్రం భయమేసింది. నోరు తెరిస్తే పీకుతాడని."

మగ్గం మిల్లులోనే ఉంది. మా మరదలు మాత్రం ఇక ఉపేక్షించదలచక, బీరువాకు ఒక పలక తగిలించింది: "ఇందులోని చొక్కాలను ముట్టుకోరాదు." వాక్యం కూర్చి ఇచ్చినవాణ్ణి నేనే, దోషమొక్కటీ లేదు. అందుచేత మర్నాటి నుంచి అతడు పొద్దున్నే బనియనుతో మా ఇంటికి వచ్చి నా చొక్కా ఒకటి తొడుక్కుని, మిల్లు మీదుగా పనికి వెళుతున్నాడు. నిన్న తిరిగివచ్చిన నా తెల్ల చొక్కా అంగుళం పొట్టిగా ఉంది. మా ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి నా వైపు చూసింది.

"కొత్త సబ్బు పడలేదు," అన్నాను.